నాలుగో అధ్యాయంలో మా అన్న

సబ్బు ఫ్యాక్టరీ వెనక వీధి,
ఎండలు ముదిరిన వారం

నువ్వు మా అన్నని దొంగల నాయకుణ్ణి చేశావు. క్షేమసమాచారాలు తర్వాత.

సోమవారం షిఫ్టు ఎక్కగానే అన్నని ఆఫీసు గదికి రమ్మన్నారు. నేనూ వెనకే వెళ్ళి తలుపు దగ్గర నిలబడ్డాను. కొత్త యాజమాన్యం పెట్టిన సెక్యూరిటీ ఆఫీసరు బల్ల మీద నీ పుస్తకం ఉంది. నీలం అట్ట, మీద నీ పేరు. నాలుగో అధ్యాయంలో పేజీ పేజీకీ పసుపు చీటీలు అంటించుకున్నాడు. పరీక్షకి కూడా ఎవడూ అంత శ్రద్ధగా చదవడు. అన్నకి కుర్చీ చూపించలేదు, నిలబెట్టే చదివాడు:

“తరుగు పంపకం యాదృచ్ఛికంగా జరిగేది కాదు. దాని వెనుక ఒక వ్యవస్థ ఉంది. ఆ వ్యవస్థకు ‘త్రాసు’ అనే అనధికార నాయకుడున్నాడు. ఎవరికెంత దక్కాలో అతని చేయి నిర్ణయిస్తుంది.”

చదివి, “ఎవరీ త్రాసు?” అన్నాడు.

అన్న సంగతి నీకు తెలుసుగా. బుర్ర గోక్కుని, “నన్నయితే అందరూ తక్కెడ అంటారండీ. త్రాసు ఎవరో మరి, రెండో షిఫ్టులో ఉంటాడేమో” అన్నాడు.

ఆఫీసరు కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వాడు. పక్కనున్న గుమాస్తా కూడా నవ్వాడు. వేరే రోజైతే నేనూ నవ్వేవాణ్ణి.

మారుపేరు పెట్టానని నువ్వు నిశ్చింతగా ఉండి ఉంటావు. తక్కెడని త్రాసు అంటే మారుపేరా అక్కా? పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టుంది.

నీకు తెలిసిందే మళ్ళీ రాస్తాను. నీ పుస్తకంలో ఇది ఈ వరసలో లేదు కాబట్టి రాస్తాను. గడ్డకట్టిన సబ్బుని తీగతో బిళ్ళలు కోస్తాం. అంచులు చెక్కితే రాలేది తరుగు. పాత యజమాని ఉన్నన్నాళ్ళూ షిఫ్టు దిగేముందు మేస్త్రీ ఆ తరుగంతా ఒకచోట పోయించి, మనిషికో గుప్పెడు చేతిలో పెట్టేవాడు. వేడి ఆరకముందే గట్టిగా నొక్కి ఉండ చేసుకునేవాళ్ళం. ఇంట్లో బాలింత ఉంటే కాస్త పెద్ద ఉండ. ముసలితనంలో మేస్త్రీకి చేతులు వణకడం మొదలయ్యాక, “ఒరే, నీ చెయ్యి తప్పదురా” అని అందరి ముందూ ఆ పని అన్నకి అప్పజెప్పాడు. తూకం లేకుండా సమానంగా పంచేవాడు కాబట్టి తక్కెడయ్యాడు. నాయకత్వమంటే ఇదీ.

మేస్త్రీ పోయాడు. ఫ్యాక్టరీ అమ్ముడుపోయింది. కొత్తవాళ్ళు గేటు దగ్గర బోర్డు పెట్టారు, తరుగు సంస్థ ఆస్తి అని. మర్నాటి నుంచి అదే ఉండ టిఫిను డబ్బాలో దాక్కుని బయటికొచ్చింది. చెయ్యి పాతదే, సబ్బూ పాతదే. బోర్డొక్కటే కొత్తది. సరిగ్గా అప్పుడే నువ్వు పరిశోధన అంటూ వచ్చి మా ఇంట్లో దిగావు. పెద్దమ్మ కూతురివని, వదిన కిటికీ పక్క మంచం నీకిచ్చి తను కింద పడుకుంది. నువ్వడిగిన ప్రతిదీ చెప్పాం. అక్కకి కాక ఎవరికి చెబుతాం?

మేస్త్రీ పంచేవాడన్న సంగతి నువ్వూ రాశావు, కాదనను. పేజీ అడుగున, చీమతలకాయంత అక్షరాల్లో. ఆఫీసరు అంత కిందకి వంగలేదు.

డబ్బాలో సబ్బు దొరికిన మిగతావాళ్ళకి మందలింపు. అన్నకి మాత్రం సస్పెన్షను, పోలీసు కేసు. ముఠా కట్టి దొంగతనం చేయించాడట. వదినకి ఇంకా కేసు సంగతి చెప్పలేదు, సెలవు పెట్టాడని చెప్పాం.

జవాబు రాయి.

*

విశ్వవిద్యాలయం, అధ్యాపకుల క్వార్టర్లు,
తొలి వానలు

తమ్ముడికి,

నీ ఉత్తరం అందిన దగ్గర్నుంచి నాకు నిద్ర లేదు. నీ కోపంలో న్యాయముంది. అయినా నా మాట కూడా విను.

ఆ అధ్యాయం మీ పక్షానే రాశాను. ఏ పనీ పుట్టుకతో నేరం కాదు. అధికారం ఉన్నవాళ్ళు దానికి నేరమని పేరు పెట్టిన రోజు నేరమవుతుంది. పని మారకుండానే మనిషి మారిపోతాడు, నిన్నటి కార్మికుడు ఇవాళ దొంగవుతాడు. పుస్తకమంతా నేను చెప్పింది ఇదొక్కటే. ‘నాయకుడు’ అన్న మాట గౌరవంతోనే వాడాను. పైన ఎవరూ లేకపోయినా మీలో మీరు తగువు లేకుండా పంచుకోగలరని, దానికి మీరే ఒక మనిషిని ఎన్నుకున్నారని నాకు గర్వంగా అనిపించింది.

నువ్వు అడగకపోయినా నీ మనసులో ఉన్నది నాకు తెలుసు: అక్క కోర్టుకొచ్చి చెప్పొచ్చుగా అని. అక్కడే నా చేతులు కట్టేసి ఉన్నాయి. నాతో మాట్లాడినవాళ్ళెవరో ఎప్పటికీ బయటపెట్టనని మాటిచ్చి ఈ పని చేశాను. పెద్ద తమ్ముడి తరఫున మాట్లాడాలంటే ముందు “ఆ మనిషి ఇతనే” అని నా నోటితో ఒప్పుకోవాలి. నేను నోరు విప్పనంత కాలం వాళ్ళ దగ్గరున్నది అనుమానమే. విప్పితే రుజువైపోతుంది.

నాతో చదువుకున్న ఒకావిడ మీ వైపే వకీలుగా ఉంది. మీ దగ్గర రూపాయి తీసుకోదు. చిరునామా వెనకవైపు రాశాను. మరదలికి నిజం చెప్పండి, బయటివాళ్ళ నోట వింటే తట్టుకోలేదు.

ఇకనుంచి ఉత్తరాలు ఇంటి చిరునామాకే రాయి. డిపార్ట్‌మెంటుకి వద్దు.

అక్క

*

సబ్బు ఫ్యాక్టరీ వెనక వీధి,
ముసురు పట్టింది

అక్కా,

నీ గౌరవం మా కొంప ముంచింది. అగౌరవంగా రాసి ఉంటే బతికిపోయేవాళ్ళం.

నీ పుస్తకం పూర్తిగా చదివాను. తెలియని మాటలకి నిఘంటువు పక్కన పెట్టుకుని, బాయిలరు గదిలో తిండి విరామాల్లో చదివాను. అవును, ఇప్పుడు నేను బాయిలరు గదిలో ఉన్నాను, మడ్డి గీకుతున్నాను. ఎందుకో చెబుతా. యాజమాన్యం అందరికీ ఒక కాగితం ఇచ్చింది. “తక్కెడ ఇచ్చాడు, మేము తీసుకున్నాము, క్షమించండి” అని. సంతకం పెట్టినవాడికి పని ఉంటుంది. అందరూ పెట్టారు. నాది నేను చింపాను. తమ్ముణ్ణి కదా అని పోలీసులకి చెప్పలేదు, మడ్డిలోకి తోశారు. అంతే.

పెట్టినవాళ్ళ మీద నాకు కోపం ఉండాలి. ఉంది కూడా. కానీ తీగ మిషను మీద నా పక్కన నిలబడేవాడు, మా పెళ్ళిళ్ళకీ చావులకీ ముందుండేవాడు, నన్ను చూసి ఎదురు గోడకేసి తిరిగి లేని బొత్తాం పెట్టుకుంటున్నాడు. వాణ్ణేమనను?

వదినకి మేం చెప్పేలోపే తెలిసిపోయింది. కిరాణా కొట్టువాడు చెప్పాడు. చెప్పడమంటే నోటితో కాదు. ఆవిడ సరుకులు చూస్తుంటే వాడు వచ్చి పక్కన నిలబడ్డాడు. ఎప్పుడూ నిలబడనివాడు.

“ఏంటన్నయ్యా, కొత్తగా కాపలా?” అందిట వదిన.

“అబ్బే, ఊరికేనమ్మా” అన్నాడట. కళ్ళు మాత్రం ఆవిడ సంచిలోనే ఉన్నాయిట.

ఇంటికొచ్చి సంచి తిరగేసి దులిపింది. “చూసుకోండి, ఏమీ తేలేదు” అని మా మీద అరిచింది. తర్వాత కూర్చుని ఏడ్చింది.

పోలీసులు ఇళ్ళు వెతుకుతారని పుకారు పుట్టింది. ఆ మధ్యాహ్నం వీధి వీధంతా దాచుకున్న ఉండల్ని కాలవలో పారేశారు. వాన పడుతోంది కదా, కాలవ పొడుగూతా నురగ. మోకాలెత్తున తెల్లగా పొంగి ఇళ్ళ గుమ్మాల్లోకొచ్చింది. పిల్లలకి పండగ, నురగ తీసి గడ్డాలు పెట్టుకున్నారు. అన్న గుమ్మంలో నిలబడి చూసి, “మన వీధింత శుభ్రంగా ఎప్పుడూ లేదురా” అన్నాడు. నవ్వాడు కూడా.

నీ ఆరో అధ్యాయంలో రాశావు: సమాజం ఒకడి మీద ముద్ర వేస్తే, వాడికి మిగతా దారులన్నీ మూసుకుపోతాయి, చివరికి వాడు ఆ ముద్రలోకే నడిచి వెళ్తాడు అని. బాగా రాశావు. నా ఏడుపంతా అదే. మా ఇంట్లో పేజీ తర్వాత పేజీ జరుగుతోంది. అన్న పని అడగని చోటు లేదు. రంగుల కొట్టు, అద్దాల దుకాణం, ఆఖరికి చెత్త ఎత్తే కాంట్రాక్టరు. అందరూ మర్యాదగానే మాట్లాడుతున్నారు. “కేసు తేలాక చూద్దాం.” జబ్బు పేరు అంత చక్కగా రాశావు కదా, మందు ఏ అధ్యాయంలో ఉంది? వెనకనుంచి ముందుకి కూడా తిప్పి చూశాను.

ఒక్కటి సూటిగా అడుగుతున్నాను. నీ పుస్తకం ఈ వీధిలో ఎవరి దగ్గరా లేదు. బజార్లో దొరకదు. దాని ధర చూస్తే కొనేవాడూ ఉండడు. ఆఫీసరు బల్ల మీదకి ఎలా వచ్చింది?

*

విశ్వవిద్యాలయం, అధ్యాపకుల క్వార్టర్లు,
వానలు వెనకబట్టాయి

తమ్ముడూ,

ఈ జవాబు చాలాసార్లు మొదలుపెట్టి ఆపేశాను. అందుకే ఆలస్యమైంది.

పుస్తకం వాళ్ళకి నేనే పంపాను.

ఫ్యాక్టరీ లోపలికి రానివ్వడానికి వాళ్ళు ఒక షరతు పెట్టారు, పూర్తయ్యాక ఒక ప్రతి ఇవ్వాలని. అందరూ పెట్టే షరతే. ఎవరూ చదవరనే నమ్మకంతోనే ఇలాంటి వాటికి ఒప్పుకుంటాం. పైన “మీ సహకారానికి కృతజ్ఞతలతో” అని కూడా రాసి పంపాను. నీ మొదటి ఉత్తరానికి జవాబిచ్చేటప్పుడే నాకిది తెలుసు. చెప్పలేకపోయాను.

కంపెనీ వకీలు నన్ను సాక్షిగా పిలిపించాలని చూస్తున్నాడు. ఇక్కడ పెద్దలు సమావేశం పెట్టారు. నా ఎదురుగా కూర్చుని, ఎంతో దయగా మాట్లాడారు. నేను ఆ మనిషిని గుర్తుపడితే ఇక ఏ కార్మికుడూ మా వాళ్ళతో మాట్లాడడట, నా కింద చదువుతున్నవాళ్ళ పని ఆగిపోతుందట, నా ఉద్యోగం సంగతి మళ్ళీ ఆలోచించాల్సి వస్తుందట. వాళ్ళన్నదాంట్లో తప్పు నాకు కనిపించలేదు. కనిపించకపోవడమే నన్ను తినేస్తోంది. ఏ వైపు కదిలినా ఎవరో ఒకరి మీద పడుతుంది.

నా వకీలు స్నేహితురాలు నీకు చెప్పే ఉంటుంది. పెద్ద తమ్ముడు చిన్న నేరం ఒప్పుకుంటే ముఠా అనే ఆరోపణ వదులుకోవడానికి కంపెనీ సరేనంటోంది. జైలుండదు. ఒప్పుకోమని నేను చెప్పలేను, వద్దనీ చెప్పలేను.

మరదలు ఎలా ఉంది? నువ్వు తింటున్నావా?

అక్క

*

అదే వీధి, అదే ఇల్లు

అక్కకి నమస్కారం.

ఈ ఉత్తరం రాస్తున్నట్టు తమ్ముడికి తెలీదు. వాడి అక్షరాలకి కూడా కోపం ఉంటుంది, నువ్వేం మనసులో పెట్టుకోకు. చిన్నప్పుడూ అంతే కదా, కిందపడితే నేలని కొట్టేవాడు.

కేసు అయిపోయింది. తీసుకున్నావా అని జడ్జిగారు అడిగారు, తీసుకున్నానన్నాను. తీసుకోవడం నిజమే కదా. ఇచ్చిందెవరని ఆయన అడగలేదు. అడక్కుండా చెబితే బాగుండదని ఊరుకున్నాను. బయటికొచ్చాక తమ్ముడు మెట్ల మీద కూర్చుని లేవనన్నాడు. నీ స్నేహితురాలు మంచావిడ, వాడికి టీ ఇప్పించింది.

నువ్వు రాసిన అధ్యాయం వాడు నాకు మొత్తం చదివి వినిపించాడు. తిడుతూ చదివాడు గానీ నాకు బాగుందక్కా. నా గురించి అంత ఎవరూ రాయలేదు. ఇంతమందికి నేను నాయకుణ్ణని నాకే తెలీదు. తెలిసుంటే ఇంకాస్త మంచి చొక్కాలేసుకునేవాణ్ణి.

ఒకటి మాత్రం ఆలోచిస్తున్నాను. నేను మేస్త్రీగారి పని చేస్తున్నాననే అనుకున్నాను. నువ్వు చదువుకున్నదానివి, పక్కన కూర్చుని రోజూ చూశావు, ఊరికే రాయవు. ఆఫీసరూ అదే చూశాడు, జడ్జిగారూ అదే చూశారు. అంతమందికి కనబడింది నాకొక్కడికే కనబడలేదేమో. మొదట్నుంచీ నాలో అదే ఉందేమో.

పని దొరికింది. గోదాముల వైపు. అక్కడా పంపకమే. నా పేరు ఎక్కడో విన్నారట, వెతుక్కుంటూ వచ్చారు. ఇన్నాళ్ళకి నన్ను వెతుక్కుంటూ వచ్చింది వాళ్ళే.

నువ్వు దిగులు పెట్టుకోకు. ఆరోగ్యం చూసుకో.

తమ్ముడు

*

సబ్బు ఫ్యాక్టరీ వెనక వీధి,
మంగళవారం

అన్న నీకు ఉత్తరం రాశాడని వదిన చెప్పింది. పని దొరికిందని రాసి ఉంటాడు. ఏం పనో రాసి ఉండడు. నేను రాస్తాను.

పోయిన వారం పట్టపగలు ముగ్గురొచ్చారు. నేనింట్లోనే ఉన్నాను. శుభ్రమైన బట్టలు, చెప్పులు బయట విప్పి లోపలికొచ్చారు. గోదాముల్లో సరుకు దించేవాళ్ళు. దించుతూ దించుతూ కొన్ని పెట్టెలు వేరే లారీలోకి దించుతారు. వీధిలో అందరికీ తెలుసు, ఎవరూ అనరు. వాళ్ళ కష్టమేంటంటే, పంపకాల దగ్గర కొట్టుకు ఛస్తున్నారట. పోయిన నెల ఒకడికి తల పగిలిందట.

పెద్దవాడు అన్నతో అన్నాడు: “మీ చెయ్యి తప్పదని విన్నాం తక్కెడగారూ. మీరు పంచితే మావాళ్ళు నోరెత్తరు. మీరేదీ ముట్టుకోనక్కర్లేదు. వచ్చి పంచి వెళ్ళిపోండి.”

‘గారూ’ అన్నాడక్కా. ఈ ఆరు నెలల్లో మా అన్నని గారూ అన్నవాడు వాడొక్కడే.

నేను లేచాను. “మా అన్న దొంగ కాదు, బయటికి నడవండి” అన్నాను.

వాడికి కోపం కూడా రాలేదు. “మేం మాత్రం అన్నామా బాబూ? కోర్టు అంది” అన్నాడు.

అన్న నన్ను కూర్చోబెట్టాడు. వాళ్ళకి మంచినీళ్ళిచ్చాడు. వస్తానని చెప్పి పంపించాడు.

వాళ్ళు వెళ్ళాక వదిన అతని ముందు నిలబడింది. “అడుక్కుతిందాం. నేను నాలుగిళ్ళల్లో గిన్నెలు తోముతాను. ఇది వద్దు” అంది.

“తోమడానికి నిన్ను ఎవరింట్లోకి రానిస్తారే? నా పెళ్ళానివి” అన్నాడు. గట్టిగా కూడా అనలేదు.

నేను అరిచాను. కాళ్ళు పట్టుకున్నాను. చివరికి చెయ్యి కూడా ఎత్తాను, చెప్పడానికి సిగ్గుగా ఉంది, అన్న మీద. తప్పించుకోలేదు. దించేదాకా ఆగి, “నువ్వు నా తమ్ముడివిరా, నీకు నేను అలాగే కనబడతాను. అక్క పుస్తకంలో రాసింది. చదువుకున్నవాళ్ళకి కనిపిస్తుంది” అన్నాడు.

అర్థమైందా నీకు? కంపెనీ అంటే నమ్మలేదు. ఆఫీసరు నవ్వితే నమ్మలేదు. నువ్వంటే నమ్మాడు. చదివి వినిపించింది నేనే. నా నోటితో నేనే వినిపించాను.

ఇక్కడ చేయగలిగిందంతా చేశాను. యూనియను పెద్దమనిషి దగ్గరికి వెళ్ళాను, శిక్ష పడ్డవాడి విషయంలో జోక్యం చేసుకోలేమన్నాడు. నీ వకీలావిడ దగ్గరికి వెళ్ళాను, ఇంకా జరగని నేరానికి కోర్టులో ఏమీ ఉండదంది. తీగ మిషను వాడి దగ్గరికి కూడా వెళ్ళాను. వచ్చి ఒక్కసారి అన్నతో మాట్లాడమన్నాను. వాడు ఏడ్చాడు. రాలేదు.

ఇక నువ్వే ఉన్నావు. నిన్ను అడగాల్సి రావడమే నాకు మంట. అయినా అడుగుతున్నాను.

నీ కట్లన్నీ తెగిపోయాయి చూసుకో. ఆ మనిషి మా అన్నే అని కోర్టే రాసేసింది, నువ్వు దాచడానికేం మిగల్లేదు. నిన్నెవరూ బోనెక్కమనడం లేదు. ఈ ఇంటికి రా. అన్న ఎదురుగా కూర్చో. నువ్వు చూసింది నాయకుణ్ణి కాదని, ముసలాయన చేతులు వణుకుతుంటే ఆ పని అందుకున్న మనిషినని చెప్పు. అది అడుగున కాక పైన రాయాల్సిందని చెప్పు. తప్పు రాశాను అను. మీ సిద్ధాంతాల మాటలు ఇక్కడ తియ్యకు, అతనికి అర్థమయ్యే మాటల్లో చెప్పు. నీ పెద్దల సమావేశం ఏమంటుందో నాకనవసరం.

చెబితే ఆగుతాడని నేననుకోవడం లేదు. అబద్ధమెందుకు, ఆ నమ్మకం నాకే లేదు. కానీ ఎవరూ చెప్పకుండా వెళ్ళాడని మాత్రం అనిపించుకోలేను.

వాళ్ళ లారీ ఆదివారం పొద్దున వస్తుంది. నువ్వు శనివారం బండి ఎక్కుతున్నావో లేదో శుక్రవారం లోపల నాకు తెలియాలి. వివరణలొద్దు. వస్తున్నానని రాయి, లేదా రానని రాయి.